మీకు తెలుసా? సూడిదలకు ముందు షుగర్ పరీక్ష

ఏలూరు జిల్లా దెందులూరు, కొవ్వలి, పోతునూరు పక్క ఆడపిల్ల నెల తప్పిందని తెలిస్తే పుట్టింటివాళ్ళు వేసే మొదటి లెక్క సూడిదలు ఎప్పుడు పట్టుకెళ్ళాలన్నదే. అయిదో నెలలోనా, ఏడో నెలలోనా? మంచిరోజు చూడటం, అరిసెలకు బియ్యం నానబోయడం, సున్నుండలకు మినుములు వేయించడం, చలిమిడి కలపడం, తాపేశ్వరం కాజాలూ ఆత్రేయపురం పూతరేకులూ తెప్పించడం. ఇల్లంతా సందడి. గర్భం వల్ల వచ్చే షుగర్ ఎక్కువగా బయటపడేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. 24 నుంచి 28 వారాల మధ్య, అంటే మన లెక్కలో ఆరో నెల, ఏడో నెల. తీపి ఇంటికి బుట్టలతో వచ్చే కాలమూ, తల్లి ఒళ్ళు తీపిని సర్దుకోలేక ఇబ్బందిపడే కాలమూ ఒకటే అన్నమాట. సూడిదలు మానేయమని ఎవరూ అనరు. ముహూర్తం పెట్టుకునే ముందు ఒక పరీక్ష చేయించుకుంటే, బుట్టలో ఏం సర్దాలో తెలుస్తుంది.

మావి చేసే పని

“మా రెండు వైపులా ఎవరికీ షుగర్ లేదు, దీనికెక్కడిదమ్మా?” అని పెద్దవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. వంశంలో లేకపోయినా రావచ్చు. బిడ్డకు తిండి అందించే మావి కొన్ని హార్మోన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రభావంతో తల్లి ఒంట్లో ఇన్సులిన్ పట్టు సడలుతుంది. తల్లి తిన్నదాంట్లోంచి గ్లూకోజు కాస్త ఎక్కువసేపు రక్తంలో నిలిచి బిడ్డకు అందాలని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. మావి పెరిగేకొద్దీ ఈ ఒత్తిడీ పెరుగుతుంది. చాలామందిలో క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. నెట్టుకురాలేని వాళ్ళలో షుగర్ పెరుగుతుంది. కాన్పయి మావి బయటపడగానే చాలామందికి షుగర్ దిగిపోవడానికి కారణం కూడా అదే.

కాబట్టి “స్వీట్లు తినబట్టే వచ్చింది” అని ఆ పిల్లను దెప్పడం అన్యాయం. అధిక బరువు, వయసు, తల్లికో తండ్రికో షుగర్ ఉండటం, ముందు కాన్పులో నాలుగు కిలోల బిడ్డ పుట్టడం, ఇవన్నీ అవకాశాన్ని పెంచుతాయి. దక్షిణాసియా వాళ్ళమై పుట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. అందుకే మన దేశంలో ఫలానావాళ్ళకని కాకుండా గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

గ్లూకోజు దాటుతుంది, ఇన్సులిన్ దాటదు

తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే బిడ్డ ఎందుకు లావెక్కుతుంది? కోపెన్‌హేగన్ వైద్యుడు యోర్గెన్ పెడెర్సెన్ 1950లలో దీన్ని విడమర్చి చెప్పాడు. గ్లూకోజు మావిని దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడుతున్న చక్కెరను సర్దడానికి కడుపులోని బిడ్డ తన సొంత ఇన్సులిన్‌నే ఎక్కువగా తయారుచేసుకోవాలి. ఆ ఇన్సులిన్ చక్కెరను కొవ్వుగా మార్చి దాస్తుంది. బిడ్డ భుజాలు, పొట్ట లావెక్కుతాయి, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది కానీ, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ జోరు వెంటనే తగ్గదు. అందుకే షుగర్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి గంటల్లో షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. తల్లికి ఎక్కువ, బిడ్డకు తక్కువ! వినడానికి తిరకాసుగా ఉన్నా లెక్క ఇదే.

బెర్లిన్, 1823

వైద్య గ్రంథాల్లో ఈ జబ్బుకు దొరికే తొలి వివరమైన నమోదు 200 ఏళ్ళ కిందటిది. బెర్లిన్‌లో అయిదోసారి గర్భం దాల్చిన ఒక యువతికి తీరని దాహం, మూత్రంలో చక్కెర. 12 పౌన్ల బిడ్డ పుట్టి దక్కలేదు. కాన్పయ్యాక ఆమె మూత్రంలో చక్కెర మాయమైంది. హైన్రిక్ బెన్నెవిట్జ్ అనే వైద్య విద్యార్థి ఈ సంగతిని 1824లో తన సిద్ధాంత వ్యాసంలో రాశాడు. షుగర్‌ను గర్భం తాలూకు లక్షణంగా చూసినవాడు అతనే. అప్పటికి ఇన్సులిన్ అనే మాటే పుట్టలేదు. అది 1922లో గానీ మొదటి రోగికి అందలేదు. అంతకుముందు షుగర్ ఉన్న స్త్రీకి గర్భం నిలవడమే అరుదు. నిలిస్తే తల్లికీ బిడ్డకూ గండమే.

ఖాళీ కడుపుతో రానక్కర్లేదు

షుగర్ పరీక్ష అనగానే తెల్లవారుజామున పచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాలని అందరూ అనుకుంటారు. కొల్లేటి లంక గ్రామాల నుంచి ఆటో పట్టుకుని బయల్దేరిన ఏడో నెల గర్భిణి, ఏమీ తినకుండా ఆసుపత్రికి చేరి వరసలో నిలబడటం ఎంత కష్టమో ఊహించండి. తిని వచ్చిందని తిరిగి పంపేస్తే మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ఈ చిక్కును పట్టించుకున్నారు. ఆయన పద్ధతిలో చివరిసారి ఎప్పుడు తిన్నా సరే, 75 గ్రాముల గ్లూకోజు పొడిని గ్లాసున్నర నీళ్ళలో, అంటే సుమారు 300 మిల్లీలీటర్లలో కలిపి అయిదు పది నిమిషాల్లో తాగించాలి. రెండు గంటలు ఆగి రక్తం చూడాలి. 140 లేదా అంతకు మించితే గర్భధారణ షుగర్ ఉన్నట్లే. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. అరగంట దాటాక అయితే పరీక్ష కొనసాగించవచ్చు.

దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రులు అనుసరించే పద్ధతి ఇదే. శేషయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుట్టినరోజు మార్చి 10ని మన దేశంలో గర్భధారణ షుగర్ అవగాహన దినంగా జరుపుతున్నారు.

పరీక్ష ఒక్కసారి కాదు, రెండుసార్లు. పేరు నమోదు చేయించుకున్న మొదటి రోజే ఒకటి. అది బాగుంటే 24–28 వారాల మధ్య మరొకటి. రెంటికీ మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. “మూడో నెలలో చేశారుగా, బాగానే ఉందన్నారుగా” అని రెండోది వదిలేసేవాళ్ళే ఎక్కువ. మావి అసలు ప్రతాపం చూపించేది ఆ తర్వాతే.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పెద్ద డాక్టర్ల పరీక్షలు ఉంటాయి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అది. ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది.

మూత్రం చూసి చెప్పలేం

గర్భంలో మూత్రపిండాలు చక్కెరను మామూలుకన్నా తేలిగ్గా వదిలేస్తాయి. రక్తంలో షుగర్ సరిగ్గా ఉన్నా మూత్రంలో కనిపించవచ్చు. కనబడలేదని నిశ్చింతగానూ ఉండలేం. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షా ఇక్కడ అంతగా నమ్మదగింది కాదు. రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది, మన గర్భిణుల్లో రక్తహీనత ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

ఇద్దరి తిండి అంటే ఎంత?

“ఇద్దరి కోసం తినాలి” అంటూ కంచంలో మరో రెండు హస్తాల అన్నం పెడుతుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి అదనంగా కావలసింది రోజుకు 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక కోడిగుడ్డు, ఒక గ్లాసు పాలు. ఇద్దరి తిండి అంతే!

మార్టేరు స్వర్ణ

ఈ ముక్క కాస్త పెద్దదే, ఎందుకంటే మన పక్క షుగర్ కథంతా కంచంలోని అన్నం చుట్టూనే తిరుగుతుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండి పదార్థమే. పరీక్షలో తాగించే గ్లూకోజు ఎంత? 75 గ్రాములు. అంటే అరగ్లాసు బియ్యం వండుకు తింటే, కాస్త నిదానంగా అయినా, దాదాపు అంతే గ్లూకోజు ఒంట్లోకి చేరుతుంది. మైసూరుపాకు ముక్కను చూసి భయపడేవాళ్ళు రెండోసారి వడ్డించుకున్న అన్నాన్ని చూసి భయపడరు. నా మాట అడిగితే, ఈ జిల్లాలో గర్భిణుల షుగర్‌కు స్వీట్ల కన్నా అన్నంతోనే పేచీ ఎక్కువ.

అన్నం అంతా ఒక్క తీరు కాదు. తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత పెంచుతుందో చెప్పే కొలతను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. శుద్ధ గ్లూకోజుకు 100. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 235 రకాల బియ్యాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు చెప్పింది. అన్నిటికన్నా తక్కువ 48, అన్నిటికన్నా ఎక్కువ 92, సగటు 64. 55 లోపు ఉంటే మంచి రకం కింద లెక్క. ఆ మంచి జాబితాలో ఉన్న ఒక రకం పేరు స్వర్ణ. ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన మన వంగడమే!

తమాషా ఏమిటంటే ఈ డెల్టాలో ఏళ్ళ తరబడి స్వర్ణ పండించిన ఇళ్ళలో కూడా తినడానికి మాత్రం సన్నబియ్యం కొనుక్కునేవాళ్ళున్నారు. స్వర్ణ లావు గింజ, కంచంలో అందంగా ఉండదని చిన్నచూపు. సన్నబియ్యం మీద మోజు వదలనివాళ్ళకు కూడా ఒక దారి ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబమసూరికి ఈ అంకె సుమారు 51.

అయితే ఒక మాట. అంకె తక్కువని గిన్నెడు తింటే లాభం లేదు. ఎంత తిన్నారన్నదే మొదటి సంగతి, ఏ బియ్యమన్నది రెండోది. అన్నం ముందు కూర తినడం మరో చిట్కా. తోటకూర, బీరకాయ, దొండకాయ, పప్పు, చేప ముక్క, ఏదైతే అది ముందు తిని అన్నం తర్వాత కలుపుకుంటే, అదే భోజనానికి షుగర్ పెరగడం తగ్గుతుంది. ఆవకాయన్నం నాలుగు ముద్దలతో మొదలుపెట్టే మన అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధమని తెలుసు. ప్రసవం దాకా ఓర్చుకోవాలి.

రోజుకు మూడు పెద్ద భోజనాల బదులు మూడు మామూలు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిన్న తిళ్ళు. పొద్దున పూట ఇన్సులిన్ పట్టు మరీ బలహీనంగా ఉంటుంది కాబట్టి టిఫిన్ దగ్గర జాగ్రత్త ఎక్కువ అవసరం. పొట్టుతో ఉన్న పెసలతో వేసిన పెసరట్టు మంచిదే. దాని పొట్టలో ఉప్మా కూరితేనే తంటా.

బెల్లం, జావ, బొండాం

పంచదార మానేసి బెల్లం వాడితే షుగర్ పెరగదన్నది ఉత్తమాట. బెల్లంలో కాస్త ఇనుము ఉంటుంది, మిగిలిందంతా దాదాపు చక్కెరే. అంగన్‌వాడీ సరుకుల్లో బెల్లం, పల్లీ చిక్కీ, ఖర్జూరం ఇస్తుంటారు. అవి మామూలు గర్భిణికి మేలే. షుగర్ ఉందని తేలినవాళ్ళు మాత్రం ఆ సంగతి టీచరమ్మకూ ఏఎన్‌ఎంకూ చెప్పి ఎంత తినాలో అడగాలి.

రాగులు మంచివే. మెత్తటి పిండితో పల్చటి జావ కాస్తే మాత్రం గబగబా అరిగి షుగర్ లేస్తుంది. రాగిరొట్టె నయం. నీళ్ళ బొండాం అప్పుడప్పుడు ఫర్వాలేదు. హైవే పక్కన గ్లాసుతో పట్టిచ్చే చెరకురసం జోలికి పోవద్దు.

కొల్లేటి చేప

చేపలో పిండి పదార్థం లేదు, షుగర్‌ను పెంచదు. కొర్రమీను, శీలావతి, బొచ్చె ఏదైనా మంచి మాంసకృత్తులే. పులుసులో బెల్లం ముక్క వేయకుండా, వేపుడు చేయకుండా వండితే షుగర్ ఉన్న గర్భిణికి ఈ ప్రాంతంలో అంతకన్నా సులువుగా దొరికే మంచి తిండి లేదు. పులుసు బాగా కుదిరిందని అన్నం రెండింతలు తినేస్తేనే చిక్కు.

నూజివీడు రసాలు

2022లో జిల్లాలు విడదీశాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. మామిడి కూడా మనదే అయింది. కాన్పు వేసవిలో పడ్డవాళ్ళకు ఇది పెద్ద పరీక్ష. భోజనంలో అన్నం మీద మామిడిపండు తినకుండా, రెండు పూటల మధ్య చిన్న ముక్కలు రెండు తినొచ్చు, ఆ తర్వాత షుగర్ ఎంతుందో చూసుకోవాలి. బంగినపల్లి అయితే ముక్కలు లెక్కపెట్టుకోవచ్చు. చిన్నరసం పీల్చడం మొదలుపెడితే ఎవరికీ లెక్క తెలియదు.

భీమవరం మనిషి, గర్భిణి బిళ్ళ

గర్భిణులకు ముందుగా ఇచ్చే బిళ్ళ ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. గర్భానికి ముందే షుగర్ ఉన్నవాళ్ళ బిడ్డలకు వెన్నుపాము లోపాల ముప్పు ఎక్కువ. వాళ్ళు ఈ బిళ్ళను గర్భం కోసం అనుకున్నప్పటి నుంచే, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి.

పదిహేను నిమిషాల నడక

తిన్న వెంటనే పడుకోకుండా ఇంటి ముందో పొలం గట్టు మీదో పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజును వాడుకుంటాయి. రక్తస్రావం, ముందస్తు నొప్పుల భయం ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే నడవాలి.

సూది అంటే ఎందుకు భయం?

షుగర్ అని తేలగానే మందు ఇచ్చేయరు. ముందు రెండు వారాలు తిండి, నడకతో చూస్తారు. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే అలాగే సాగించమంటారు. 120 దాటుతుంటే మెట్‌ఫార్మిన్ బిళ్ళో ఇన్సులినో మొదలుపెడతారు. “ఇన్సులిన్ మొదలుపెడితే జన్మంతా పొడుచుకోవాల్సిందే, బిడ్డకు దెబ్బ” అన్న మాట వీధి అరుగుల మీద తేలిగ్గా పుడుతుంది. పెడెర్సెన్ చెప్పింది గుర్తుంది కదా, ఇన్సులిన్ మావిని దాటదు. బిళ్ళే దాటుతుంది. గర్భంలో షుగర్ వచ్చిన చాలామందికి ఇన్సులిన్ కాన్పుతోనే ఆగిపోతుంది.

సూది వేసుకుని తిండి ఆలస్యం చేస్తే ప్రమాదం. వణుకు, చెమట, కళ్ళు తిరగడం వస్తే షుగర్ పడిపోతోందన్నమాట. మూడు చెంచాల గ్లూకోజు పొడి గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. బెల్లం మీద ఇంత చెప్పాక వింతగా ఉండొచ్చు కానీ, సూది వేసుకునేవాళ్ళ ఇంట్లో గ్లూకోజు డబ్బా ఉండితీరాలి.

షుగర్ ఉంటే సిజేరియన్ తప్పదన్నదీ నిజం కాదు. అదుపులో ఉండి, బిడ్డ మరీ పెద్దది కాకపోతే మామూలు కాన్పే.

గీత ఎక్కడ గీయాలి?

తొమ్మిది దేశాల్లో దాదాపు 25,000 మంది గర్భిణులను పరిశీలించిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. ఫలానా అంకె దాకా క్షేమం, ఆపైన ప్రమాదం అని గీత గీయలేమని, షుగర్ పెరిగేకొద్దీ ముప్పు మెట్టుమెట్టుగా పెరుగుతూనే పోతుందని అది తేల్చింది. 139 వచ్చిందని పండగ చేసుకోనక్కర్లేదు, 141 వచ్చిందని ఏడవనక్కర్లేదు.

నాలుక మీద తేనె

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, పంచదార నీళ్ళు తాగించడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. షుగర్ ఉన్న తల్లి బిడ్డకు షుగర్ పడిపోతుందని తెలిశాక “అయితే పంచదార నీళ్ళు మంచిదేగా” అనే పెద్దావిడ కూడా ఉంటుంది. మంచిది కాదు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి, మళ్ళీ మళ్ళీ పట్టాలి. బిడ్డ షుగర్ ఎంతుందో నర్సు చూస్తుంది. 45కు తగ్గితే ఏం చేయాలో డాక్టర్లే చూసుకుంటారు.

ఆరో వారం

కాన్పయ్యాక షుగర్ తగ్గింది, బాలింత కాయం తినిపించారు, అందరూ మర్చిపోయారు. కానీ గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి ఏళ్ళలో శాశ్వత షుగర్ వచ్చే అవకాశం, రానివాళ్ళతో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. అందుకే కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయాలి, ఈసారి మాత్రం పరగడుపునే. పరగడుపున 126, లేదా తాగిన రెండు గంటలకు 200 వస్తే షుగర్ ఉండిపోయినట్లే. రెండు గంటల అంకె 140 నుంచి 199 మధ్య ఉంటే అంచున ఉన్నట్లు. బాగానే ఉంటే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. ఈ పరీక్షకు వెళ్ళేవాళ్ళు తక్కువే. ఆసుపత్రి దూరమని, చంటిబిడ్డను వదిలి ఎలా వెళ్ళాలని. అయితే బిడ్డకు పెంటావాలెంట్ టీకా మొదటి డోసు వేయించేది కూడా ఆరో వారంలోనే. ఆ రోజు ఏమీ తినకుండా బయల్దేరి, మందులున్నవాళ్ళు వాటి గురించి ముందే అడిగి, తల్లి కూడా గ్లూకోజు తాగి రెండు గంటలు కూర్చుంటే ఒక్క ప్రయాణంతో రెండు పనులూ అయిపోతాయి. రెండోసారి నెల తప్పితే మాత్రం ఆరో నెల దాకా ఆగకుండా, పేరు రాయించుకునే రోజునే “పోయినసారి నాకు షుగర్ వచ్చిందండీ” అని ఏఎన్‌ఎంతో చెప్పాలి.